గీత కింద కనబడే మాట

చదివి వినిపించకుండా నేను ఎవరి సంతకమూ తీసుకోను. ఈ అలవాటు ఒక మేడం వల్ల వచ్చింది.

అప్పట్లో నేను బాన్సువాడ పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదులు, వాంగ్మూలాలు రాసే రైటర్‌ని. మా కానిస్టేబుల్ ఒక బీర్కూర్ రైతును కొట్టాడని ఫిర్యాదొస్తే, జిల్లా పోలీసు ఆఫీసు నుంచి ఆ మేడం విచారణకొచ్చారు. రైతు చెబుతుంటే వాంగ్మూలం నేను రాశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. పట్టించుకోవడం లేదనుకున్నాను.

సంతకానికి ముందు కాగితం తీసుకుని ఒక్కో వాక్యం పైకి చదివారు. "ఇది నీ మాటేనా, పెద్దయ్యా?" అని ప్రతిదానికీ అడిగారు. రైతు తలూపుతూ వచ్చాడు. "ఇద్దరి మధ్యా తోపులాట జరిగింది" అన్నచోట ఆగి నా వైపు చూశాడు. ఆవిడ మళ్లీ అడిగారు.

"నా మాట గాదమ్మా. నేను చెయ్యే ఎత్తలే. గాయనే చెంప మీద కొట్టిండు."

కాగితం మార్చి రాస్తానన్నాను.

"వద్దు. పాత మాట కనబడేటట్టే గీత గీసి, పక్కన సంతకం పెట్టండి."

పెట్టాను. అప్పుడు అదే గొంతుతో నన్నడిగారు.

"మరి తోపులాట ఎవరి మాట?"

"నాదే మేడం."

"అది కూడా రాయండి."