సీసా మీద నీలిగీత

ఎంకపల్లి విమలమ్మ చేతిలో పడి మొదటి రోజు గుక్కపట్టి ఏడ్వని పసిపిల్ల మొయినాబాద్ చుట్టుపక్కల లేదు. రెండు నెలలు తిరిగేసరికి ఆమె గొంతు వినగానే కాళ్లాడించని పిల్లా లేదు. నలభై ఏళ్లుగా బాలింతల ఇళ్లకు వెళ్లి పిల్లలకు నూనె రుద్ది నీళ్లు పోయడమే ఆమె పని. పీట మీద కూర్చునే ముందు గాజులు తీసి కొంగున ముడేసుకుంటుంది. గోళ్లు మొదలంటా కత్తిరించుకుంటుంది. ఎవరు ఏ నూనె ఇచ్చినా ముందు తన మోచేతి మడతలో రాసుకుని, ఒక రోజు చూసి, దురద పుట్టకపోతేనే పిల్ల ఒంటికి తాకిస్తుంది. రుద్దీ రుద్దీ ఆమె వేళ్లు ఎంత నున్నబడ్డాయంటే, రేషన్ దుకాణంలో మిషన్ మీద మూడుసార్లు పెట్టినా వేలిముద్ర పడదు.

గోపమ్మ ఇంట్లో ఆమెది రెండు తరాల చనువు. గోపమ్మ కొడుకు ప్రశాంత్‌కు నీళ్లు పోసింది ఆమే. ఇప్పుడు ప్రశాంత్‌కు కొడుకు పుట్టాడు, నెల నిండింది. కోడలు సమత పట్నంలో పెరిగిన పిల్ల. తల్లి లేదు కాబట్టి పురుడు అత్తగారింట్లోనే జరిగింది. చెప్పేవాళ్లు లేని భయంతో ప్రతిదీ ఫోన్‌లో వెతుక్కుంటుంది. మనిషి చెబితే నమ్మదు, ఫోన్ చెబితే ఏదైనా నమ్ముతుంది.

ఒక పొద్దున సమత ఆకుపచ్చ గాజు సీసా తెచ్చి పీట పక్కన పెట్టింది.

"అవ్వా, రేపటి నుంచి బాబుకు ఇదే రాయి. ఆలివ్ ఆయిల్. చర్మానికి దీన్ని మించింది లేదంట."

"గదే, జైతూన్ నూనె. పట్నంల తాతల కాలం నుంచి ఒంటికి రాస్తరు" అంది గోపమ్మ, అంతా తెలిసినదానిలా.

విమలమ్మ మూత తీసి వాసన చూసింది. ఆ వాసన ఆమెకు తెలుసు. మూడేళ్ల కింద భర్త సాలోమోను మంచం పట్టినప్పుడు ప్రతి ఆదివారం పాస్టరయ్య ఇంటికొచ్చి, ప్రార్థన చేసి, అతని నుదుటికి ఈ ఒలీవ నూనే రాసేవాడు. వాళ్ల చర్చిలో అది జబ్బు మనుషుల కోసం దాచే నూనె. నాలుగో ఆదివారం దాటాక సాలోమోను దాటిపోయాడు. ప్రార్థన మీద ఆమెకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ మంచం పట్టినవాళ్ల నూనె మంచిగున్న పసివాడికి ఎందుకు? పిలిచి మరీ జబ్బు తెచ్చుకున్నట్టు అనిపించింది. ఆ మాట పైకంటే, మా ఇంట్లో మీ చర్చి ముచ్చట్లేంటని కసురుతారేమోనని భయం. సీసా మూత బిగించి పక్కన పెట్టేసింది.

మర్నాటి నుంచి చేవెళ్ల గానుగలో ఆడించిన నువ్వుల నూనె చిన్న సీసాలో పోసుకుని సంచిలో తెచ్చుకుంది. బాబుకు అదే రుద్దింది. అనుమానం రాకుండా ఆకుపచ్చ సీసాలోంచి రోజూ చెంచాడు తీసి నీళ్లతో పాటు మోరీలోకి వదిలేది.

నాలుగో రోజు సీసా ఎత్తబోయి ఆగింది. నూనె ఎంతవరకు ఉందో సరిగ్గా అక్కడ నీలిరంగు పెన్నుతో గీత గీసి ఉంది.

నూనె ఇంటికి పట్టుకుపోతున్నాననుకుంటున్నారు! ఆ క్షణం నుంచి ఆ ఇంట్లో ప్రతిదీ ఆమె కంటికి వేరుగా కనిపించింది. వంటింటి తలుపు ఓరగా ఎందుకు ఉంది? సాంబ్రాణి డబ్బాకు ఆనించిన ఫోన్ తనవైపే ఎందుకు తిరిగి ఉంది? గోపమ్మ ఊరికే వచ్చి ఊరికే ఎందుకు పోతోంది? పౌరుషం ముంచుకొచ్చింది. ఇక సీసా మూతే తీయలేదు. గీత కింద చుక్క తగ్గితే అడగమను, చూసుకోనీ అనుకుంది.

పది రోజులు గడిచాక సమత సీసా చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"అవ్వా, గీత కాడినుంచి చుక్క దిగలే. మరి ఇన్ని దినాలు మా బాబుకు ఏం రాస్తున్నవ్?"

విమలమ్మ దొంగతనం నిందకే జవాబు సిద్ధం చేసుకుంది, ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు. సంచిలోంచి చిన్న సీసా తీసింది. గోపమ్మ వేలు ముంచి నాలుకకు రాసుకుని, "నువ్వుల నూనెనే" అంది.

"దాంట్ల ఇంకేమన్న కలిపిందేమో, నాకెట్ల తెలుస్తది అత్తమ్మా?"

అప్పుడు విమలమ్మ సాలోమోను సంగతి, నాలుగు ఆదివారాల సంగతి చెప్పేసింది. చెబుతుంటే ఏడుపొచ్చింది. సమత చేతిలోని సీసా కింద పెట్టింది.

"ముందుగాలనే చెప్తే అయిపోవు గదా అవ్వా?"

"వినేటట్టుంటే సీసకు గీత ఎందుకు గీస్తవ్ బిడ్డా?"

గోపమ్మ మధ్యలో వచ్చి తీర్పు చెప్పింది. "సరే తియ్యి. నీ నూనెనే రాయి విమలా. కానీ సీస ఈడనే పెట్టిపో."

విమలమ్మ తేలికపడి ఇంటికెళ్లింది. మర్నాడు వచ్చి, గాజులు తీసి, పీట మీద కూర్చుని తన సీసా అందుకుంది. గానుగ నూనె, తను తెచ్చిన సీసా. దాని మీద కూడా నీలిగీత.

బాబుకు కాళ్లు, వీపు, మెడ మడతలు ఎప్పటిలాగే రుద్దింది. నీళ్లు పోసి, సాంబ్రాణి వేసి, తుండులో చుట్టి గోపమ్మ చేతికిచ్చింది. తర్వాత సమతను పిలిచింది.

"ఆ పెన్ను జర తే బిడ్డా."

సమత ముఖం ఎర్రబడింది. అయినా తెచ్చింది. విమలమ్మ కుడిచేయి చాపింది.

"నూనె అయిపోతే ఇంకో సీస వస్తది. నలభై ఏండ్ల సంది మీ పిల్లల మీద అరుగుతున్నది ఇది. గీసేదుంటే దీనికి గీయి. రేపొచ్చి ఎంత తగ్గిందో చూసుకుందువు."

సమత పెన్ను పట్టుకుని ఆ అరచేతిని చూసింది. నూనెతో మెరుస్తున్న ఆ చేతి వేళ్ల కొసలు గచ్చులా నున్నగా ఉన్నాయి. గోపమ్మ చేతుల్లో బాబు అప్పుడే నిద్రలోకి జారుకున్నాడు.