పెద్దసారు మాట్లాడని మీటింగు

శుక్రవారం సాయంత్రం, సూర్యాపేటలో నేను హెడ్మాస్టరుగా పనిచేసిన హైస్కూలు స్టాఫ్‌రూం. హాజరైనవారు: లెక్కల మాస్టారు యాదగిరి, తెలుగు టీచరు విజయ, మిగతా ఉపాధ్యాయులు, నేను. ఆనాటి నా డైరీలో ఇంతవరకే ఉంది; మిగతాది నా జ్ఞాపకం.

మిర్యాలగూడలో శిక్షణకు వెళ్లినప్పుడు బడి నాయకత్వం మీద ఒక పుస్తకం కొన్నాను. నాయకుడు ముందు వినాలి, చివర మాట్లాడాలి అని అందులో ఉంది. అప్పటిదాకా మా మీటింగుల్లో నేను మాట్లాడేవాణ్ణి, వాళ్లు పేపర్లు దిద్దుకునేవారు. ఆ రోజు మాత్రం, "పదో తరగతి స్పెషల్ క్లాసులు పొద్దున్నే ఉంచుదామా? మీరే చెప్పండి" అని అడిగి ఊరుకున్నాను.

ఎవరూ పెదవి విప్పలేదు. నేనూ విప్పలేదు. ఉక్కకు చెమట పట్టింది.

"అయ్యో, సార్‌కు మాట పడిపోయినట్టుంది!" అని విజయ లేచింది. చూస్తుండగానే నన్ను ఆటోలో కూర్చోబెట్టారు.

"నాకేం కాలేదయ్యా!"

"మీరు మాట్లాడకుండ్రి సార్, ఇంకింత పరేషాన్ అయితది," అన్నాడు యాదగిరి.

దవాఖాన దాకా వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు.

"పొద్దుగాల క్లాసులు వద్దని ఎన్నిసార్లు చెప్దామనుకున్న మేడం! ఊర్ల నుంచి పిల్లలు తినకుండ వస్తున్నరు. మొన్నొక పిల్ల కండ్లు తిరిగి పడ్డది. సార్ చెప్పనిస్తెనా?"

ఆ పిల్ల సంగతి నాకు అప్పుడే తెలిసింది. వినమన్న పుస్తకంలో, మీటింగు ఆటోలో పెట్టాలని మాత్రం రాసి లేదు.

డాక్టరు బీపీ కొద్దిగా ఎక్కువుందని గోలీలు రాశాడు.

మరునాడు ఉదయం ప్రార్థన కాగానే, స్పెషల్ క్లాసులు సాయంత్రానికి మార్చానని, ఇదంతా పుస్తక పఠన ఫలితమని ఉపాధ్యాయులకు చెప్పాను.

"గోలి మంచిగనే పనిచేసింది," అంది విజయ, యాదగిరి వైపు తిరిగి.