మూడో పళ్లెం

1974 నవంబరు 2, శనివారం, ఉదయం 6 గంటల 40 నిమిషాలకు నేను మందుల దుకాణం తలుపు పైకెత్తేసరికి ఆంటియోకో గరావు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి వచ్చి, అడగకుండానే బూట్లు, కోటు, చొక్కా విప్పి త్రాసు ఎక్కాడు. మా బాక్సింగ్ క్లబ్బువాళ్ల బరువు చూసే పని అప్పటికి పదకొండేళ్లుగా నాదే; మందులవాణ్ని కాబట్టి వాళ్లు నన్ను డాక్టరుగారనే పిలిచేవారు. ఆ త్రాసు కడ్డీ మీద యాభై గ్రాములకొక గీత ఉంటుంది. గుండును మెల్లగా జరిపి, కడ్డీ నిలకడగా నిలిచేదాకా ఆగి చదివాను.

"డెబ్బై తొమ్మిది కిలోల రెండు వందల యాభై."

లైట్ హెవీవెయిట్ హద్దు 79 కిలోల 378 గ్రాములు. ఆ సాయంత్రం మా ద్వీపపు రాజధాని కాల్యరిలో ఇటలీ టైటిల్ కోసం అతడు లివోర్నో ఊరివాడైన ఛాంపియన్‌తో తలపడాలి. అధికారికంగా బరువు చూసేది అక్కడే, ఉదయం పది గంటలకు.

"పదింటికి ఎంత ఉంటా, డాక్టరుగారూ?"

"ఏమీ తినకుండా, తాగకుండా ఉంటే ఊపిరి ద్వారా, చర్మం ద్వారా గంటకు నలభై అయిదు గ్రాముల దాకా పోతుంది. డెబ్బై తొమ్మిది వంద ఉంటావు."

"తింటే?"

బరువు చూసే రోజు ఉదయం ఏ బాక్సరూ అడగని ప్రశ్న అది.

"ఎంత తింటే అంత. తిన్నది ఒంటికి పట్టిందా లేదా అన్నది త్రాసుకు అక్కర్లేదు."

"అదే తెలుసుకుందామని," అంటూ చొక్కా తొడుక్కున్నాడు.

ఆంటియోకో 1946లో మా కార్బోనియాలోనే పుట్టాడు. తండ్రి జోమ్మరియా బొగ్గు గని కార్మికుడు. 1958లో పైకప్పు కూలి చనిపోయాడు. తల్లి గ్రేకా ఆసుపత్రి దుప్పట్లు ఉతికి కొడుకును పెంచింది. గని మూతపడ్డాక కార్మికుల స్నానశాలలో తాళ్లు కట్టి బాక్సింగ్ నేర్పినవాడు బాకిసియో. ఒకప్పటి బాంటమ్‌వెయిట్ బాక్సరు, బొగ్గు ధూళితో ఊపిరితిత్తులు సగం పోయినవాడు. అతడు మాట్లాడే ప్రతి రెండు వాక్యాల మధ్యా ఒక దగ్గు ఉండేది. ఆంటియోకో పగలు రేవులో క్రేను నడిపేవాడు, సాయంత్రం స్నానశాలకు వచ్చేవాడు. 1967లో ప్రొఫెషనల్ అయ్యాడు. మొదటి ఇరవై రెండు పోటీల్లో పద్దెనిమిది గెలిచాడు. వాటిలో పదకొండు నాకౌట్లు. ఎడమచేత్తో పక్కటెముకల మీద కొట్టి, అవతలివాడు వంగగానే కుడిచేత్తో దవడను అందుకోవడం అతని పద్ధతి. చూడటానికి గొప్పగా ఉండేది కాదు. పనిచేసేది.

ఇరవై మూడో పోటీ 1973 ఫిబ్రవరి 24న, కాల్యరిలో. ప్రత్యర్థి ఎల్వియో జెన్నారో, కియోజ్జా నుంచి వచ్చిన జాలరి. ఎముకల కొలతలో అతడు ఈ తరగతికి పెద్దవాడు. దానిలో ఇమడటానికి నాలుగు రోజులు దాదాపు ఏమీ తినలేదు, చివరి రోజు నీళ్లు కూడా మానేశాడు. ఒంట్లో నీరు తగ్గినవాడి మెదడుకు దెబ్బ ఎందుకు ఎక్కువ తగులుతుందో చదువుకున్నవాళ్లకు తెలుసు. ఆ రోజుల్లో రింగు పక్కన ఉన్నవాళ్లెవరూ దాని గురించి మాట్లాడుకునేవారు కాదు. ఏడో రౌండులో ఆంటియోకో కుడిచేతి దెబ్బకు జెన్నారో పడిపోయాడు. ఎనిమిది లెక్కపెట్టేసరికి లేచి, పదో రౌండు దాకా నిలబడి, పాయింట్ల మీద ఓడిపోయాడు.

బట్టలు మార్చుకునే గది ఇద్దరికీ ఒకటే. జెన్నారో చేతి పట్టీలు విప్పుకుంటూ, ఇంకా వాచని కంటితో ఆంటియోకో వైపు చూసి నవ్వాడు.

"ఒరే తమ్ముడూ, ఈ ఊళ్లో తినడానికి ఏం దొరుకుతుంది?"

"ఇప్పుడా? ఏమీ దొరకదు. రేపు మా ఇంటికి రా. మా అమ్మ మకరోనీ చేస్తుంది."

"రేపు ఓడ ఎక్కాలి."

"అయితే ఈసారి వచ్చినప్పుడు."

"ఈసారి రెండు పళ్లేలు తింటా. అమ్మకు చెప్పు," అన్నాడు జెన్నారో.

మర్నాడు రాత్రి ఓడ డెక్కు మీద కుప్పకూలాడు. కడుపులో తిప్పుతోందని అప్పటిదాకా ఏమీ ముట్టలేదట. మంగళవారం ఆసుపత్రిలో చనిపోయాడు. విచారణలో ఎవరి తప్పూ లేదని తేల్చారు. నా అభిప్రాయం కూడా అదే.

ఆ తరువాత ఆంటియోకో మరో నాలుగు పోటీలు ఆడి మూడు గెలిచాడు. అన్నీ పాయింట్ల మీదే. చెయ్యి విసిరేవాడు గాని, దాని వెనుక భుజం ఉండేది కాదు. ఏడో రౌండు గంట మోగగానే ముందున్న మనిషిని వదిలేసి, అతని భుజం మీదుగా ఎదుటి మూలన ఉన్న ఖాళీ స్టూలు వైపు చూసేవాడు.

"ఏం చూస్తున్నావురా అక్కడ?" అని ఒకసారి బాకిసియో మొహం మీద నీళ్లు కొట్టి అడిగాడు.

"కూర్చున్నాడు."

"ఎవరు?"

"అన్నం అడిగినవాడు."

బాకిసియో మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆంటియోకో తిండి తగ్గింది. ఒకప్పుడు హద్దుకు దిగడానికి వారం పట్టేది. ఇప్పుడు ఏ ప్రయత్నమూ లేకుండానే దిగేవాడు. "రాత్రి తిన్నది పాలకూరేనా, పాలకూర ఫోటోనా?" అని బాకిసియో వెక్కిరించేవాడు. ఆ నవ్వులో అతని శిష్యుడు కలిసేవాడు కాదు.

మా వైపు నవంబరు 2న వచ్చే సమాధుల పండుగ ముందు సాయంత్రం ఇంటి చనిపోయినవాళ్లకు బల్ల మీద భోజనం పెట్టి, దీపం వెలిగించి, బల్ల తీయకుండా పడుకుంటారు. ముళ్ల చెంచాలు, కత్తులు పెట్టరు. కోపం తీరనివాళ్లెవరైనా వస్తే చేతికి అందకూడదని. వచ్చినవాళ్లు తిండిలోని సారం తీసుకుపోతారనీ, తెల్లారి మిగిలేది పొట్టు మాత్రమేననీ, అది బస్తాడు తిన్నా కడుపు నిండదనీ గ్రేకా గట్టిగా నమ్మేది. ఏటా ఆమె రెండు పళ్లేలు పెట్టేది, భర్తకు ఒకటి, తల్లికి ఒకటి. 1973లో కొడుకు జెన్నారో కోసం మూడోది పెట్టమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

"మనవాళ్లకే మనం పెట్టాలి నాయనా. వాడికి వాళ్లమ్మ పెట్టుకుంటుంది."

"వాళ్ల వైపు కిటికీలో ఒక గ్లాసు నీళ్లు పెడతారటమ్మా. అంతే."

"అయితే అది తాగుతాడు."

మరుసటి ఏడాది అదే మాట వచ్చినప్పుడు అతడు వాదించలేదు. "వాడికి పెట్టకపోతే నాకూ పెట్టకు," అన్నాడు. అప్పటికి గ్రేకా కొడుకు మెడ ఎముకలు చూస్తూనే ఉంది. ఈసారి పెట్టింది. అయితే మూడో చోట గాజు గ్లాసు ఉంచలేదు, రేకు గ్లాసు పెట్టింది.

ఆ శనివారం 7 గంటల 20 నిమిషాలకు ఆంటియోకోను కాల్యరి తీసుకెళ్లడానికి బాకిసియో, నేను కారులో అతని ఇంటికి వెళ్లాం. వంటింట్లో దీపం ఇంకా వెలుగుతోంది. గ్రేకా మొదటి రెండు పళ్లేలు పక్క వీధి ముసలమ్మకు ఇవ్వడానికి మూత పెడుతోంది. ఆంటియోకో మూడో పళ్లెం ముందు కూర్చుని ఉన్నాడు. మకరోనీ, టమాటా గుజ్జు, గొర్రెపాల చీజు. ఎవరూ ముట్టిన గుర్తు లేదు.

"డాక్టరుగారూ, దీన్ని తూచండి," అన్నాడు.

"ఎందుకు?"

"మా అమ్మ ఒకటి చెబుతుంది, మీరొకటి చెబుతారు. వాడు వచ్చి తిని వెళ్లి ఉంటే ఇది పొట్టు. నేను తిన్నా తూగదు. అప్పుడు ఈ సాయంత్రం చెయ్యి ఎత్తి కొట్టగలను. తూగిందా, వాడు ఇంకా ఆకలితోనే తిరుగుతున్నాడు. ఇక నేను గ్లవ్స్ వేసుకోను."

బాకిసియో కుర్చీ వెనుక పట్టుకుని నిలబడ్డాడు. "గ్రేకా, నువ్వైనా చెప్పు. పొట్టుకు కూడా బరువు ఉంటుంది. కావాలంటే గాడిదను అడుగు."

"నాకు మాత్రం ఏం తెలుసు, ఎప్పుడూ తూచలేదు," అంది గ్రేకా.

"ఏడేళ్లురా. ఏడేళ్లు ఈ ఊపిరితో నీ వెనుక పరుగెత్తాను. ఒక్క పళ్లెం కోసం పాడుచేస్తావా? రేపు తిను. రేపు కుండ మొత్తం తిను."

"రేపు అన్నందుకేగా ఇదంతా," అన్నాడు ఆంటియోకో.

వంటింటి త్రాసు గోడ మేకుకు వేలాడుతోంది. పళ్లెంతో సహా తూచాను. అతడు తిన్నాక ఖాళీ పళ్లెం తూచాను. మకరోనీ 640 గ్రాములు, రేకు గ్లాసులో నీళ్లు 200. చెంచాతో, తొందరపడకుండా, పళ్లెం అంచున గుజ్జు కూడా మిగల్చకుండా తిని, నీళ్లన్నీ తాగాడు. గ్రేకా కొడుకును చూడలేదు, వాకిలి వైపు చూస్తూ నిలబడింది.

"రుచి ఉందా?" అని చివరికి అడిగింది.

అతడు కొంచెం ఆలోచించాడు. "ఉప్పు వెయ్యడం మరిచిపోయావమ్మా."

"వేశాను."

లెక్క సులువైనదే. 79 కిలోల 250 గ్రాములకు 840 కలిపి, పదింటిలోపు పోయే 150 తీసేస్తే 79 కిలోల 940. అతడు ఏమీ తినకుండా ఉంటే 79 కిలోల 100. కారులో ఈ రెండు అంకెలూ పైకి చెప్పాను. బాకిసియో స్టీరింగు మీద దగ్గి, ఉన్ని కోటు వేసుకోమన్నాడు, హీటరు పెడతానన్నాడు, దారిలో ఆగి మూత్రానికి వెళ్లమన్నాడు, కనీసం సీసాలో ఉమ్మమన్నాడు.

"తూచేదాకా నా ఒంట్లోంచి ఏదీ పోనివ్వను," అన్నాడు ఆంటియోకో.

"నీ ఒంట్లోంచి ముందే ఒకటి పోయింది. బుర్ర."

కిటికీ అద్దం దించి, చొక్కా బొత్తాలు విప్పి, వెనుక సీట్లో నా పక్కన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. చెమట పట్టలేదు. కారు మధ్యలో ఎక్కడా ఆగలేదు. కాల్యరి చేరాక త్రాసు దాకా అతడు నా కళ్ల ముందు నుంచి పక్కకు పోలేదు. దారిలో సిలిక్వా ఊరు దాటాక ఒకసారి మాత్రం, "మన మధ్య కొంచెం చోటు ఉంచండి," అన్నాడు. నేను తలుపు వైపు జరిగాను.

కాల్యరిలో బరువు చూసే వ్యాయామశాలలోని త్రాసును నిర్వాహకులు కోరగా గురువారం నేనే పరీక్షించాను. ఇరవై కిలోల ప్రమాణపు గుండ్లు నాలుగు పెట్టి చూశాను. దానిలో లోపం లేదు. ఛాంపియన్ ముందు ఎక్కి, 78 కిలోల 900 తూగి, టవల్ భుజాన వేసుకుని దిగాడు.

"ఏమోయ్, రాత్రి పెళ్లి భోజనానికి వెళ్లావా?" అని ఆంటియోకో మొహం చూసి అడిగాడు.

"లేదు. చుట్టం వస్తాడని చూశాను," అన్నాడు ఆంటియోకో.

అతడు బట్టలన్నీ విప్పి త్రాసు ఎక్కాడు. బాకిసియో గోడ వైపు తిరిగాడు. అధికారి పెద్ద గుండును డెబ్బై దగ్గర నిలిపి, చిన్న గుండును తొమ్మిది దాటించి, పది దాకా తీసుకుపోయాడు. కడ్డీ లేవలేదు. గుండును వెనక్కి జరిపాడు. ఇంకా జరిపాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, వేలి చివరతో ఒక్కొక్క గీతా దాటించాడు. కడ్డీ లేచి, నిలకడగా నిలిచింది.

79.100.