అమ్మ రాజీనామా

పందొమ్మిదేళ్లకే మా ఇంటి డబ్బు పెత్తనం నా చేతికొచ్చింది. ఇందులో పట్టాభిషేకం లాంటిదేమీ లేదు. నాన్నకు దగ్గు ముదిరి మగ్గం దిగి, ఇంట్లో కూర్చుని కండెలు చుట్టడం మొదలుపెట్టాడు. ఆ శనివారం పవర్‌లూమ్ మీద నా వారం పగారూ, అమ్మ బీడీల డబ్బూ, నాన్న కండెల చిల్లరా కలిపి చాప మీద పోసి అందరం చుట్టూ కూర్చున్నాం. చూడటానికి ఎక్కువసేపు పట్టలేదు.

"నువ్వే చూసుకో కొడుకా, నాతోని కాదు" అన్నాడు నాన్న. మునిగే పడవలో తెడ్డు అందించినంత ఉదారంగా.

ఎనభైల చివరి సంగతి ఇది. సోలాపూర్‌లో మా గల్లీ మొత్తం తెలంగాణ నుంచి తాతల కాలంలో వచ్చిన నేతవాళ్లదే. మగవాళ్లు చాదర్లు, టవళ్లు నేసే షెడ్లలో, ఆడవాళ్లు బీడీల చాట ముందు. ఎవరింట్లో ఎంత వస్తుందో అందరికీ తెలుసు. ఎలా సరిపోతుందో మాత్రం ఎవరికీ తెలియదు. నాకు తెలుసనుకున్నాను నేను.

షెడ్డులో పారేసిన డిజైన్ అట్టలు తెచ్చుకున్నాను. చాదర్ మీద పువ్వు దించడానికి వరసగా చిల్లులు కొట్టిన అట్టలవి. వాటి వెనక ఖర్చులు రాసేవాణ్ణి. ఒంటి సబ్బును దారంతో మూడు ముక్కలు కోశాను. పొద్దుటి చాయ్‌లో పాలు, సాయంత్రం చాయ్‌లో పాల జ్ఞాపకం. నాన్న తంబాకు సగానికి తగ్గించాను. డాక్టరు కూడా అదే చెప్పాడు కాబట్టి పుణ్యం కూడా దక్కింది. పేపరు మంగలి దుకాణంలో చదివేవాణ్ణి. క్షవరం మాత్రం అక్కడ చేయించుకునేవాణ్ణి కాదు, దానికి డబ్బులవుతాయి.

ఆ అట్ట మీద ఒక వరస చెల్లెలిది. అప్పుడు తను పదో తరగతి. కామర్స్ చదివి బ్యాంకులో ఫ్యాను కింద కూర్చోవాలని దాని కోరిక. మా ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్నవాళ్లు ఎవరూ లేరు, అందుకని అది పెద్ద కోరికే. "చెల్లి కాలేజీ" అని రాసి, వారానికి మూడు రూపాయలు వేసేవాణ్ణి. ఒకరోజు ఆ అట్ట తీసి చూసింది.

"అన్నా, కూడిక తప్పిందే. రెండు రూపాయలు తక్కువొస్తున్నయ్. యాడికి పోయినయి?"

"చిల్లులు గనవడ్తలేవా? అండ్లకెళ్లి పడ్డయ్."

నవ్వింది. కానీ పెన్సిల్ తీసుకుని కూడిక దిద్దాకే అట్ట తిరిగిచ్చింది.

నా కన్ను అమ్మ కార్డు మీద పడింది ఆ దీపావళి ముందే. బీడీ కార్ఖానా ఇచ్చిన కార్డు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి దేవుడి పటం వెనక పెట్టేది అమ్మ. రోజూ పొద్దున చుట్టిన బీడీలు మోసుకెళ్లి అప్పజెప్పి, ఆకూ తంబాకూ తెచ్చుకునేది. ఎన్ని వేసిందో కార్డులో రాసేవాళ్లు. పగార్ రోజున ఆ డబ్బులోంచి ప్రావిడెంట్ ఫండు కోసుకునేవాళ్లు. దానికితోడు, చేసిన బీడీల్లో కొన్ని బాగాలేవని పక్కన పడేసేవాళ్లు, వాటికి పైసా లేదు. మా గల్లీ మలుపులో బీడీలు కొనే ఇంకో మనిషి ఉండేవాడు. పేరులేని బీడీ, కార్డులేని పని. అన్నీ తీసుకునేవాడు, ఏదీ కోసేవాడు కాదు, డబ్బు అక్కడికక్కడే రోఖ్. నేను అట్ట వెనక కూడి చూస్తే వారానికి పదకొండు రూపాయలు తేడా తేలింది.

పదకొండు రూపాయలు. ఇప్పుడు రాస్తుంటే ఎంత పొట్టిగా కనబడుతోందో. అప్పుడు అది మా ఇంటికి వారం కూరగాయలు.

"కార్డు ఇడిసిపెడ్తమా?" అంది అమ్మ, ఎవరో ఇల్లు విడిచిపెట్టమన్నట్టు.

"కార్డు తింటవానే? ప్రతి హప్తా కోస్తున్నరు గద నిన్ను."

"కోసింది యాడికి పోతదిరా. మా అత్త నన్ను తోల్కపోయి పేరు రాయించింది. కార్డు ఉంటే కార్ఖానల బాయి అంటరు. లేకుంటే ఏయ్ అంటరు."

"ఏయ్ అన్నా పదకొండు రూపాయలు ఎక్కువిస్తుండు గద. అండ్ల అయిదు చెల్లె కాలేజీకి."

చెల్లి పేరెత్తితే అమ్మ ఒప్పుకుంటుందని నాకు తెలుసు. నాన్న కండె ఆపి ఒకసారి నా వైపు చూశాడు. దగ్గొచ్చింది. దగ్గడం పూర్తయ్యేసరికి అది అభిప్రాయమో దగ్గో తేలలేదు.

పూర్తిగా మానేస్తే పద్నాలుగేళ్ల ఫండు చేతికొస్తుందని తెలిశాక నా ఉత్సాహానికి అడ్డు లేకపోయింది. కార్ఖానా మున్షీ మరాఠీలో రాజీనామా రాశాడు. అమ్మ బొటనవేలి మీద తంబాకు మరక, దాని మీద సిరా. రాజీనామాలు మంత్రులు ఇస్తారని పేపర్లో చదివేవాణ్ణి. మా వంశంలో ఇచ్చిన మొదటి మనిషి మా అమ్మే. దారిలో అన్నాను కూడా: "మంత్రిగారూ, ఇగ బంగ్లా ఖాళీ చెయ్యాలె."

అమ్మ నవ్వలేదు. "రేపు పొద్దుగాల నేను యాడికి పోవాలెరా?" అని అడిగింది.

కొన్ని నెలల తిరుగుడు తరవాత ఫండు పద్నాలుగు వందల చిల్లర వచ్చింది. అంత డబ్బు మా ఇంట్లో ఒకేసారి కూర్చోవడం అదే మొదలు, ఎక్కువసేపు కూర్చోలేదు కూడా. కిరాణా బాకీ, నాన్న డాక్టరు, మందులు. మా షెడ్డు హోట్గి రోడ్డు వైపు మారింది కాబట్టి బస్సు కిరాయి మిగులుతుందని మూడొందల యాభైకి పాత సైకిలొకటి కొన్నాను. మిగిలిన రెండొందలూ చెల్లి కాలేజీ డబ్బులో కలిపాను. అంతా కలిపి మూడొందల యాభై దాటింది. కాలేజీలో చేరడానికి మూడొందల ఎనభై కావాలి. సైకిల్ తొక్కుకుంటూ నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి. మెచ్చుకోవడానికి ఖర్చు లేదు.

జూన్‌లో ఫలితాలొచ్చాయి. చెల్లెలు ఫస్ట్ క్లాసు. లెక్కల్లో బడి మొత్తానికి రెండోది. వాళ్ల టీచరు పిలిచి ఒక ఫారం ఇచ్చింది. బీడీ కార్మికుల పిల్లలకు సర్కారు నుంచి డబ్బొస్తుంది, ఫీజుకు, పుస్తకాలకు అన్నిటికీ సరిపోతుంది, మీ అమ్మ కార్డు నంబరు వేసి కార్ఖానాలో ముద్ర కొట్టించుకు రా అంది.

కార్డు అన్న మాట దగ్గర ఆ ఫారం ఇంకోసారి చదివాను. కానీ నేను మనసును ఎలా నమ్మించానంటే, పద్నాలుగేళ్లు చేసిన మనిషికి ఒక ముద్ర కొట్టరా? కొడతారు. ఆ నమ్మకంతోనే రెండో తప్పు చేశాను. అదే వారం వానలు పట్టుకున్నాయి. గల్లీ మలుపు మనిషి, తడిసిన బీడీ ఎవడు కొంటాడు, ఎండ వచ్చాక రండి అని తలుపేసుకున్నాడు. వానైనా వరదైనా కార్ఖానా అయితే కార్డు ఉన్నవాళ్లకు ఎంతో కొంత పని ఇచ్చేది. మాకు కార్డు లేదు. మూడు వారాలు బీడీల నుంచి పైసా రాలేదు. నా పగార్, నాన్న కండెల చిల్లర మీద నలుగురం. జొన్నపిండి కోసం కాలేజీ డబ్బులోంచి తీశాను. ఫారం ఉంది కదా అని మళ్లీ తీశాను. మూడోసారి తీసేటప్పుడు అట్ట మీద రాయడం మానేశాను.

ఇంకో వారంలో కాలేజీలో చేరే గడువు ముగుస్తుందనగా, ఫారం పట్టుకుని నేనూ చెల్లెలూ కార్ఖానాకు వెళ్లాం. మున్షీ మనవాడే, కానీ కిటికీ అవతల కూర్చుంటే అందరూ ఒకటే.

"బాయి పేరు రిజిస్టర్ల లేదు."

"పద్నాలుగేండ్లు చేసింది గద సాహెబ్."

"చేసింది. రాజీనామా ఇచ్చింది. నేనే రాసిన. నువ్వు పక్కకు నిలవడి నవ్వుతుంటివి."

"మళ్ల పెట్టుకోరి."

"పెట్టుకుంట. కొత్త కార్డు, కొత్త నంబర్. ఆర్నెల్లు హాజరి పడాలె. గప్పుడు ఫారం మీద శిక్కా కొడ్త."

"కాలేజీ ఆర్నెల్లు ఆగుతదా సాహెబ్?"

"గది కాలేజోళ్లను అడుగు. నేను బీడీలోణ్ణి." ఫారం వెనక్కి నెడుతూ చెల్లెలి చేతులకేసి చూశాడు. "పోరికి చుట్టుడు వస్తదా? పదహారు నిండినయా? గీమె పేరు మీద కార్డు తియ్యి. ఫాయిదా. మీ అమ్మ వేళ్లు ఇగ ఎన్నొద్దులు ఆడ్తయి?"

చెల్లెలు ఫారం మడతపెట్టి చున్నీ కింద పెట్టుకుంది, వానకు తడవకుండా. ఇంక ఆ కాగితం తడిస్తే ఏం, తడవకపోతే ఏం. దారిలో నేను అన్నాను, "సర్కారుకు మన పేరు తెల్వకపోవుడే మంచిది, ఓట్లప్పుడు గూడ రారు."

"అన్నా, ఇయ్యాల జోకులు బంద్ చెయ్యి" అంది. గట్టిగా కూడా అనలేదు.

మిగిలిన వారం నేను చాలా కష్టపడ్డాను. ఇలాంటి చోట్ల అలా రాయడం ఆనవాయితీ. నిజానికి మూడు చోట్లకు వెళ్లాను. షెడ్డు మాలక్‌ని అడ్వాన్సు అడిగితే, "మీ అయ్య తీసుకున్నదే ఇంక తీరలే, నీ పేరు మీద గూడ షురూ చేద్దామా?" అన్నాడు. సైకిల్ అమ్మినవాడి దగ్గరికే సైకిల్ తోసుకెళ్లాను. "వానకాలం సైకిల్ ఎవడు కొంటడు బే" అని నూటనలభై చేతిలో పెట్టాడు. మిగిలిన కాలేజీ డబ్బుతో కలిపితే ఫీజులో సగమే తేలింది. కాలేజీలో గుమాస్తాతో, సగం ఇప్పుడు కడతాను, మిగతాది కిస్తుల్లో అన్నాను.

"కిస్తులా? ఇది బీరువాల దుకాణం అనుకున్నావా?" అన్నాడు.

మాట బాగుంది. ఇంకో రోజైతే నేనే అనేవాణ్ణి.

గడువు తేదీ శుక్రవారం. ఆ సాయంత్రం ఐదు దాకా ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఐదు దాటాక అమ్మ లేచి పొయ్యి ముట్టించింది. నాన్న కండెలు చుడుతూనే ఉన్నాడు. చెల్లెలు ఏడుస్తుందేమోనని నేను చూస్తూ కూర్చున్నాను. ఎవరైనా ఏడిస్తే ఎగతాళి చేసి ఆపడం ఇంట్లో నా పని. నాలుగైదు మాటలు సిద్ధంగా పెట్టుకున్నాను. ఏడవలేదు. నా సరుకు అలాగే మిగిలిపోయింది. అమ్మ రొట్టె వేస్తూ, నా వైపు చూడకుండా, "నీ తప్పేం లేదు బిడ్డా, లెక్క మంచిగనే చేసినవ్" అంది. తిట్టినా బాగుండేది.

వచ్చే ఏడాది చేరొచ్చు కదా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. అప్పటికి అమ్మా చెల్లెలూ కార్ఖానాకు వెళ్లొచ్చేశారు, చెల్లెలి పేరు మీద కార్డు వచ్చేసింది. ఆ ఏడాది కార్డు ఉన్న పిల్ల చేతి డబ్బు లేకుండా ఇల్లు నడవదని నా అట్టే చెప్పింది. ఆ తరవాతి ఏడాది కూడా అదే చెప్పింది.

మొదటి వారం పగార్ తీసుకుని చెల్లెలు శనివారం మధ్యాహ్నం వచ్చింది. నోట్లూ చిల్లరా చాప మీద పెట్టింది. నేను అలవాటుగా అట్ట తీసి, కార్డు చూసి, "ఫండు మూడు రూపాయలు పోయినయి" అని రాయబోయాను.

"పోలే. అక్కడ ఉన్నయి."

"ఉంటె ఏంది, చేతికైతే రాలే గద."

"అవి నీ చేతికి రావు. ఎన్నటికీ రావు." అట్ట నా చేతిలోంచి తీసుకుంది. లాక్కోలేదు, ఎంగిలి పళ్లెం తీసినట్టు తీసింది. "ఇగ నేను రాస్త. నీ పగార్ ఏది?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ చాటలో ఆకు కత్తిరిస్తోంది. అటు తిరిగి కూర్చుంది. నాన్న వైపు చూశాను. నాన్న ఈసారి దగ్గలేదు.

షర్టు జేబులోంచి వారం పగార్ తీసి ఇచ్చాను. ఎంత ఉందో చెప్పాను కూడా. చెల్లెలు నోట్లు ఒక్కొక్కటే చాప మీద పరుస్తూ లెక్కపెట్టింది. సరిపోయింది. మళ్లీ పోగు చేసి, నా ఎదురుగానే, ఇంకోసారి లెక్కపెట్టింది.