రేగట్లో వెడల్పు టైర్లు

నా చిన్నప్పుడు మా ఊరి నుంచి సత్తెనపల్లికి ఆరు మైళ్ళు. కాగితాల్లో దాన్ని రోడ్డనే రాసుకున్నారు గానీ, ఎండాకాలం మోకాటి లోతు బండిచాళ్ళు, చినుకు పడితే నల్లరేగడి జిగురు. ఇప్పుడు నాకు డెబ్బై అయిదు దాటాయి, మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఇంట్లో వాళ్ళకు మంచీ చెడూ చెప్పీ చెప్పీ నోరూ అలిసిపోయింది. ఎవరూ వినరు లెండి. అలా విసుగొచ్చి కూర్చున్నప్పుడల్లా ఆ ఆరు మైళ్ళే గుర్తొస్తాయి.

ఒక ఏడు మిరపకు మంచి ధర పలికి, మా నాన్న ఒక పాత కారు కొన్నాడు. ఊళ్ళో అదే మొదటి కారు. ఎత్తైన చక్రాలు, వాటికి సన్నటి టైర్లు. ఊరంతా నోరు తెరుచుకుని చూస్తుంటే, ఆయనకు మాత్రం ఆ చక్రాలు కంటికి ఆనలేదు. గుంటూరులో ఎవరో మిల్లు యజమాని కారు చూశాడట. పొట్టి చక్రాలు, బొద్దుగా వెడల్పాటి టైర్లు. ఇక అదే పిచ్చి. "ఇవేం చక్రాలే, సైకిలువి పీకి తగిలించినట్టున్నాయి!" అని మా అమ్మ దగ్గర రోజూ గొణుగుడే.

సత్తెనపల్లి మొదట్లో, తారు రోడ్డు మొదలయ్యే చోట, ఒక పెద్దవయసు సాయిబు గారి టైర్ల కొట్టు ఉండేది. నేనాయన్ని టైర్ల తాత అనేదాన్ని. చక్రాలు మార్పించడానికి వెళ్తూ నాన్న నన్నూ వెంట తీసుకెళ్ళాడు. తాత అంతా విని, కొట్టు వెనక నీళ్ళు పారబోసే చోటికి మమ్మల్ని పిలిచాడు. ఒక సన్న టైరూ ఒక వెడల్పు టైరూ తెచ్చి, ఆ బురదలో నన్నే దొర్లించమన్నాడు. సన్నది జిగురును కోసుకుంటూ అడుగునున్న గట్టినేల మీద నడిచింది. వెడల్పుది నాలుగు చుట్లు తిరిగేసరికి ఒంటినిండా రేగడి పూసుకుని బరువెక్కింది, ఇక దొర్లించడం నావల్ల కాలేదు.

"చూశారా బాబుగారూ, ఇది బురదని కొయ్యదు, మోస్తది. పైగా చక్రం పొట్టిదైతే చాళ్ళ మధ్య మిట్టకి కారు కడుపు ఆనుద్ది. మీరు గుంటూరులో తిరిగేది ఏడాదికి నాలుగు రోజులు. మిగతాదంతా ఈ రేగట్లోనేగా? ఉన్నయ్యే ఉంచుకోండి" అన్నాడు తాత.

కొట్టులో పనివాళ్ళ ముందు అలా చెప్పించుకోవడం మా నాన్నకు నామోషీ అయింది. ముఖం గంటు పెట్టుకుని వచ్చేశాడు. వారం తిరక్కుండా గుంటూరు వెళ్ళి, పొట్టి చక్రాలూ వెడల్పు టైర్లూ వేయించుకుని మరీ వచ్చాడు.

ఆ మార్చిలో నాకు ఎనిమిదో తరగతి పబ్లిక్ పరీక్ష వచ్చింది. సత్తెనపల్లిలో రాయాలి. గట్టెక్కితే హైస్కూలు, తప్పితే పుస్తకాలు అటకెక్కాల్సిందేనని మా నాయనమ్మ ముందే తేల్చేసింది. ఆవిడ అన్నమాట అన్నట్టే చేసే మనిషి. మొదటి రోజు పదింటికి లెక్కల పరీక్ష. పదిన్నర దాటితే లోపలికి రానివ్వరు.

ఆ తెల్లవారుజామున కాలం కాని వాన కొట్టింది. కళ్ళాల్లో ఎండుమిరపకాయలు తడిసిపోతున్నాయని ఊరు ఊరంతా చాపలూ గోనెలూ పట్టుకుని పరుగులు తీసింది. ఎడ్లబండ్లన్నీ అటే పోయాయి. ఇప్పుడే బయల్దేరి నడిచి వెళ్ళమంది అమ్మ. "కారుండగా నడకేంటి?" అన్నాడు నాన్న.

నాలుగు మైళ్ళు ఎలాగో పడుతూ లేస్తూ వెళ్ళాం. తర్వాత చక్రాలకు రేగడి ముద్దలు ముద్దలుగా చుట్టుకుంది, కారు కడుపు మిట్ట మీద కూర్చుంది. నాన్న దిగి చేతుల్తో బురద పెకలించాడు, చేలోంచి పత్తికట్టె తెచ్చి చక్రాల కింద వేశాడు. తెల్లటి పంచె నల్లగా అయిపోయింది గానీ కారు అంగుళం కదల్లేదు. చివరికి నా మొహం చూడకుండానే "దిగమ్మా" అన్నాడు.

నడక మొదలుపెట్టాం. అడుగు తీస్తే అడుగుతోపాటు నేల లేచొచ్చేది. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. నాకు ఏడుపు ఆగలేదు. నా చదువు ఆ బురదలోనే అయిపోయిందనుకున్నాను. పదమూడేళ్ళ పిల్లని, కొంత దూరం నన్ను వీపున వేసుకుని మోశాడు మా నాన్న. ఆయన రొప్పు నా చెవికి వినపడుతూనే ఉంది.

తాత కొట్టు చేరేసరికి పదీ పది. పక్కన టీ బడ్డీ దగ్గర నలుగురు మగవాళ్ళు మమ్మల్ని చూసి పకపకా నవ్వారు. "ఏందయ్యో, కారేదీ? కొత్త టైర్లు అలిగినయ్యా?" అన్నాడొకడు. నాన్న తల ఎత్తలేదు. ఇక తాత కూడా మొదలుపెడతాడు, మా నాన్న పరువు పోయిందనుకున్నాను.

తాత చేతిలో చక్రం కింద పడేశాడు. పంక్చర్లు చూసే తొట్లో నీళ్ళు నా కాళ్ళ మీద పోసి కడిగాడు. ఆ నవ్వేవాళ్ళ వైపు తిరిగి, "ఊరుకోండెహె! ఈ వానకి ఏ టైరైనా దిగబడాల్సిందే. నేను బిగించినయ్యయినా అంతే" అన్నాడు. శుద్ధ అబద్ధం. ఆ రెండు టైర్లూ నా చేతుల్తో నేనే దొర్లించాను కదా, నాకు తెలియదూ!

నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని, ఆ వయసులో, ఎగశ్వాసతో తొక్కాడు. గేటు మూసేలోపే లోపలికి వెళ్ళాను. పరీక్ష రాశాను, గట్టెక్కాను కూడా.

నేను పరీక్ష ముగించుకుని తిరిగొచ్చేసరికి కారు తాత కొట్టు ముందుంది. ఆ టైర్లలో గాలి సగం తీసేసి, పట్టు కోసం వాటికి మోకులు చుట్టి, ఇద్దరు మనుషుల్ని పెట్టి లాగించాడట తాత. అప్పుడైనా ఒక్క మాట అనలేదు. కారక్కడే వదిలేసి, మా ఊరి బండేదో వస్తే ఎక్కి ఇంటికి బయల్దేరాం. సగం దూరం వచ్చాక నాన్న ఉన్నట్టుండి, "సాయిబు గారు ముందే చెప్పాడమ్మా. నేనే వినలేదు" అన్నాడు.

ఆ రోజుల్లో ఏ తండ్రీ ఆడపిల్లతో అలాంటి మాట అనేవాడు కాదు. ఎవరూ ఎత్తిపొడవలేదు కాబట్టే ఆయన తనంతట తాను అనగలిగాడని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

తెలిసీ ఏం లాభం? మా ఆయన నా మాట వినకుండా నల్లచేలో పొగాకు వేసి నష్టపోయిన ఏడు, బంధువులందరి ముందూ "నే చెప్పలేదా?" అనేశాను. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచీ ఆ మాట నోటి చివరిదాకా వచ్చినప్పుడల్లా మింగుతూనే ఉన్నాను. పిల్లల దగ్గర మింగాను, కోడళ్ళ దగ్గర మింగాను, మింగీ మింగీ అలిసిపోయాను. కానీ "నువ్వు చెప్పావు, నేనే వినలేదు" అని మా ఆయన మాత్రం నాతో ఒక్కసారీ అనకుండానే పోయాడు. అననిచ్చింది నేనెక్కడ?