సైమికి దీపం గిట్టదు

ఉత్తర ధ్రువం దాపునున్న కోర్పివారా ఊళ్ళో సైమి చేత చీవాట్లు తినని వెలుతురు ఒక్క చంద్రుడిదే. అదీ ఆయనకి ఫోన్ లేదు కాబట్టి. మిగతాది ఏదైనా సరే, కారు లైటు కానీ, ఆవిరిస్నానాల సౌనా గది బల్బు కానీ, ఆఖరికి ఎవరో గుమ్మంలో నిలబడి వెలిగించుకున్న చుట్ట కానీ, కంటబడిందంటే ఆవిడకి ఒళ్ళు మండిపోతుంది. అరవై నాలుగేళ్ళ మనిషి, గట్టిగా అయిదడుగులు ఉండదు. కానీ చలికాలం వచ్చిందంటే పద్దెనిమిది ఇళ్ళ ఊరినీ చీకట్లో కూర్చోబెట్టేస్తుంది.

దీనికంతటికీ మూలం ఆవిడ ఇంటికప్పు మీద పరిశోధన కేంద్రం వాళ్ళు పెట్టిన కెమెరా. గాజు గుమ్మటం కింద వెల్లకిలా పడుకుని ఆకాశాన్నంతా ఒక్క చూపులో మింగేస్తుందది. ఇరవై సెకన్లకో ఫొటో, సైమి ఇంట్లో తెర మీదా కనిపిస్తుంది. రాత్రి ఆకాశంలో రంగుల తెరల్లా ఆడే ఉత్తరపు వెలుగులు ఎటు లేచాయి, ఎటు పాకాయి, ఎప్పుడు ఆరాయి, అన్నీ అందులో పడతాయి. గుమ్మటం మీద మంచు పేరుకోకుండా గంటగంటకీ నిచ్చెనెక్కి తుడవడం సైమి పని. పంతొమ్మిది చలికాలాలుగా తుడుస్తోంది. చిక్కేమిటంటే, ఆ ఫొటో గుండ్రంగా అట్టులా వస్తుంది, అట్టు అంచు చుట్టూ ఊరు పడుతుంది. ఏ ఇంట్లో లైటు వేసినా అంచున ఓ తెల్లచుక్క. వెంటనే ఫోన్.

ఆ ఫోన్ చీవాట్లు అందరికంటే ఎక్కువగా తిన్నవాడు తౌనో. ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి అతనిదే.

“తౌనో! రెండు గంటల పద్నాలుగు నిమిషాలకి మీ ఇంట్లో లేచిందెవరు?”

“నేనే అక్కా.”

“ఎందుకు లేచావు?”

“యాభై దాటినవాడు రెండింటికి ఎందుకు లేస్తాడు? పాట పాడ్డానికా?”

“లేస్తే లేచావు, లైటెందుకు? పుట్టినప్పట్నుంచీ అదే ఇంట్లో ఉన్నావుగా. దారి తెలీదూ?”

ఒకసారి ఆవిడకి విసుగొచ్చి, ఫొటోలో ఓ చుక్క దగ్గర బాణం గుర్తు వేసి ఊరందరికీ పంపింది, ‘ఈ దొంగ ఎవరో తేల్చుకోండి’ అని. చుక్క ఎడమ పక్కనుంది. ఎడమ అంటే పడమర, పడమర అంటే తౌనో ఇల్లే అని తేల్చేశాడు తూర్పు కొసనున్న అతని బావమరిది ఆర్వి. తనే స్వయంగా వచ్చి తౌనో వాకిట్లో బల్బు మరలు తిప్పి ఊడబీక్కుపోయాడు. పెద్ద గొడవయింది. ఇద్దరూ జబ్బలు పట్టుకుని సైమి దగ్గరికొచ్చారు.

“పటం చూసినట్టు చూస్తారేమయ్యా? ఇది ఆకాశం! వెల్లకిలా పడుకుని, నెత్తి మీద పెట్టుకుని చూడాలి” అంది సైమి.

ఇద్దరూ ఆవిడ వాకిట్లో మంచు మీద పక్కపక్కనే వెల్లకిలా పడుకుని ఫోన్ పైకెత్తి చూశారు. పైకెత్తగానే ఎడమ కాస్తా తూర్పయి కూర్చుంది. చుక్క ఆర్వి సౌనాది. ఆర్వి బల్బు తిరిగిచ్చేశాడు కానీ, తౌనో దాన్ని బిగించబోతే సైమి బిగించనివ్వలేదు.

అంతవరకూ తౌనో భరించాడు. మంచు బండి దగ్గరే తెగింది. దానికి ముందు రెండు పెద్ద లైట్లు, పైన గిరగిరా తిరిగే పసుపు లైటు ఒకటి. “మా మలుపు దగ్గర ఆ మూడూ ఆపేసి పోరాదూ, నాయనా?” అని సైమి బతిమాలితే, పోనీలే అని ఒక రాత్రి ఆపాడు. ఆ రాత్రి నాలుగు ఉత్తరాల పెట్టెలు, పాస్టరుగారి చెక్కబండి, ఓ కంచె గుమ్మం బండితోపాటు ఊరు దాటాయి. తౌనో వారంరోజులు మేకులు కొట్టుకుంటూ కూర్చున్నాడు. కోపమొచ్చి మునిసిపాలిటీకి అర్జీ పెట్టాడు, ఊరికి వీధి దీపాలు కావాలని. వాళ్ళు పన్నెండు స్తంభాలు ఇస్తామన్నారు. గురువారం సాయంత్రం బళ్ళో సభ. ఊరు సరేనని చేతులెత్తితే చాలు.

ఆ మాట తెలిసిన రోజు సైమి తౌనో ఇంటికొచ్చింది. కూర్చోలేదు. టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడింది.

“దీపాలు పెడితే కెమెరా పీక్కుపోతారయ్యా.”

“పీక్కుపోనీ అక్కా. హాయిగా పడుకోవచ్చు నువ్వు.”

ఆవిడ మొహం చిన్నబోయింది. తౌనోకి మనసు చివుక్కుమంది. అయినా సరే, నాలుగు ఉత్తరాల పెట్టెలూ గుర్తొచ్చి గట్టిపడ్డాడు.

సభకి ముందు రెండు రోజులు ఎడతెగకుండా మంచు కురిసి, బుధవారం రాత్రి ఆకాశం విచ్చింది. గురువారం తెల్లవారుజామున, అయిదవడానికి పది నిమిషాలుందనగా, తౌనో బూట్లు తొడుక్కుంటుంటే ఫోన్ మోగింది.

“అక్కా, ఇంకా బండే తియ్యలేదు. ఇప్పుడేం లైటు కనపడింది నీకు?”

“తియ్యి! వెంటనే తియ్యి! లైట్లన్నీ వేసుకుని రా.”

తౌనో బూటు చేతిలోంచి జారింది. “ఏ లైట్లు?”

“ఉన్నవన్నీ! లెంపి అవ్వ వంటింటి దీపం నాలుగున్నరకి వెలగలేదు. ఫోన్ ఎత్తట్లేదు. దారంతా నడుములోతు మంచు, నేను నడిచి వెళ్ళలేను. నువ్వు రావాలి.”

లెంపి అవ్వకి ఎనభై ఆరేళ్ళు. ఊరి చివర ఒంటరిగా ఉంటుంది. బయట సున్నాకి కింద ఇరవై ఎనిమిది డిగ్రీలు. తౌనో రెండో బూటు లేసులు కట్టకుండానే పరుగెత్తాడు.

సైమిని మలుపు దగ్గర ఎక్కించుకున్నాడు. అప్పుడే ఆకాశానికి పిచ్చెత్తింది. ఉత్తరం నుంచి దక్షిణం దాకా పచ్చటి తెరలు, వాటి అంచులకి గులాబి రంగు, నడినెత్తిన అంతా కలిసి సుడి తిరిగిపోతోంది. ఇన్నేళ్ళలో అలాంటిది తౌనో చూడలేదు. బండి లైట్ల వెలుగు కెమెరా మీదకి తిన్నగా కొడుతోందని అతనికి తెలుసు.

“అక్కా, పైకి చూడు! నీ ఫొటోలన్నీ...”

“ఫొటోల మొహం! ముందు రోడ్డు చూసి తోలు!”

లెంపి అవ్వ ఇంట్లో చీకటి. పొయ్యి చల్లగా ఉంది. మంచం ఖాళీ. సైమి మంచం కిందకి కూడా వంగి చూసింది. తౌనో బయటికొచ్చి ఇంజను ఆపి చెవులు రిక్కించాడు. పెరట్లో కట్టెల కొట్టం కప్పు మీది మంచు మొత్తం జారి తలుపుకి అడ్డంగా పడి ఉంది. లోపల్నించి గొంతు వినిపించింది. కప్పు వేసినవాణ్ణి, వాడి తండ్రిని, ఆ తండ్రికి సుత్తి అమ్మినవాణ్ణి వరసగా తిడుతోంది.

“తిడుతోందిరా! బతికే ఉందిరా!” అని సైమి ఏడుస్తూ నవ్వింది.

ఇద్దరూ పారలతో తవ్వి తలుపు లాగారు. లెంపి అవ్వ నాలుగు గోనెసంచులు కప్పుకుని కట్టెల మీద రాణిగారిలా కూర్చుని ఉంది. కాలివేళ్ళు మాత్రం నీలంగా మారాయి.

“దీపం వేసేలోగా కాఫీకి పుల్లలు తెచ్చుకుందామని వస్తే ఇదీ సంగతి. గంటయింది! మీకిప్పుడు తెల్లారిందా?”

ఆవిడ కాళ్ళని దుప్పట్లో చుట్టి, పొయ్యి వెలిగించి, కాఫీ పెట్టాక కానీ తౌనోకి అడగడం తోచలేదు.

“నాలుగున్నరకి వెలుగుతుందని నీకెలా తెలుసక్కా?”

“పంతొమ్మిదేళ్ళుగా అవ్వ దీపం వెలిగాకే నేను పక్క మీదకి చేరేది. అందరివీ తెలుసు. పోయిన ఫిబ్రవరిలో మీ ఇంట్లో మూడు రాత్రులు దీపం ఆర్పలేదు. మీ ఆవిడకి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.”

నాలుగో పొద్దున మెట్ల మీద గిన్నెడు సాల్మన్ చేప చారు ఉండటం తౌనోకి గుర్తొచ్చింది. “అయ్యో! అది పెట్టింది నువ్వా? మా వదిన అనుకుని దణ్ణాలు కూడా పెట్టానే! ఆవిడ పుచ్చుకుంది కూడా!”

“పోనీలే, గిన్నె మాత్రం ఇప్పించు.”

“మరి రోజూ మమ్మల్ని అంతలా సాధిస్తావెందుకు?”

సైమి కాఫీ కప్పు కింద పెట్టింది. “పెద్ద లైట్లు వెలిగితే అంచంతా తెల్లబడిపోతుంది తౌనో. చిన్న దీపాలు కనపడవు. ఉత్తరపు వెలుగులదేముంది, పక్క ఊరి కెమెరాకీ దొరుకుతాయి. ఈ అవ్వ దీపం దొరుకుతుందా?”

తౌనో కాఫీ గటగటా తాగి నాలుక కాల్చుకున్నాడు.

సాయంత్రం సభలో మునిసిపాలిటీ పెద్దమనిషి కాగితాలు తియ్యకముందే తౌనో లేచాడు. “దీపాలు వద్దండీ.”

“అడిగింది తమరేగా?”

“అడిగినవాడికి బుద్ధి లేదు” అని, పొద్దున జరిగిందంతా చెప్పాడు. ఆర్వి కంగారుగా లేచాడు. “అంటే రాత్రి నేనెన్నిసార్లు లేస్తానో ఈవిడకి తెలుసా?”

“మూడుసార్లు” అంది సైమి వెనక బల్ల మీంచి.

“నాలుగు!” అంది ఆర్వి భార్య.

“నాలుగోసారి లైటెయ్యడు. మంచివాడు” అంది సైమి.

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. స్తంభాలు వద్దనేవాళ్ళు చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. లెంపి అవ్వ రెండు చేతులూ ఎత్తి, ఒకటే లెక్క అని ఎంత చెప్పినా దించలేదు.

ఆ రాత్రి పదింటికి తౌనో వంటింట్లో స్విచ్చి దగ్గర నిలబడి దీపం మూడుసార్లు వేసి ఆర్పాడు. దూరంగా ఆర్వి కిటికీ వెలిగి ఆరింది. తర్వాత పాస్టరుగారిది, బళ్ళో పంతులమ్మది, ఊరి చివర లెంపి అవ్వది. సభ నుంచి వస్తూ దారిలో అందరూ అనుకున్న మాటే అది. కాసేపట్లో ఊరు చుట్టూ కిటికీలన్నీ మిణుకుమిణుకుమన్నాయి. ఫోన్ మోగింది.

“తౌనో! పది గంటల నాలుగు నిమిషాలకి ఏమిటీ తైతక్కలు?”

“నిద్రపోయే ముందు నీకు చెప్పి పడుకుంటున్నామక్కా.”

అవతల ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

“కెమెరా వాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? సిగ్గులేదూ మీకు?” అంది సైమి. “ఉండు, పెట్టేస్తున్నా. ఇంకా పదహారు ఇళ్ళవాళ్ళని తిట్టాలి.”

పదహారు ఇళ్ళవాళ్ళూ ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చుని ఉన్నారు.