మిషన్ మీద అనుమానం

చిత్తూరు వరదయ్యకు ఒక అలవాటు ఉంది. బీపీ మిషన్ తన చేతికి కట్టుకునే ముందు, అది సరిగ్గా ఉందో లేదో ఇంకొకరి చేతికి కట్టి చూడాలి. చూడనిదే నమ్మడు. పోనీ చూశాకైనా నమ్ముతాడా అంటే, ఆ ముచ్చటా లేదు. ఇంకో చెయ్యి కోసం వెతుకుతాడు.

ముప్పై రెండేళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మెడలో విజిల్ పోయింది గానీ నోట్లో మాట పోలేదు. చేతికి కట్టిన పట్టీ గాలెక్కి బిగుస్తున్నంతసేపూ "రైట్... రైట్..." అంటుంటాడు. అంకెలు ఆగగానే "హోల్డాన్!" అని కేకేస్తాడు. కొత్తవాళ్లు ఆ కేకకు ఉలిక్కిపడి, కాస్త ముందే కేకేసి ఉంటే బీపీ ఇంకో పది పెరిగేదే అనుకుంటారు.

ఆ మిషన్ కొనిచ్చింది తిరుపతిలో ఉద్యోగం చేసే కూతురు లోహిత. మొదటిరోజు ఆయన చేతికి కట్టి చూస్తే పైది నూట ఎనభై ఆరు, కిందిది నూట పన్నెండు, నాడి నూట పద్దెనిమిది. ఆయన భార్య పంకజాక్షి అక్కడే నేల మీద కూలబడింది. వరదయ్య మాత్రం మిషన్‌ను బోర్లించి, వెల్లకిలా తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

"దీని మీద నాకు అనుమానంగా ఉండాది. పంకజా, నీ చెయ్యి ఇట్టియ్యి."

"నాకేం రోగం? నేనియ్యను."

"రోగం కాదుమే, మిషన్ బాగుండాదో లేదో సూడల్ల గదా."

"ముందు నువ్వు బాగుండావో లేదో సూసుకో. నీ దిగులుతో నాకు మెడ పట్టేసి తల దిమ్మెక్కతా ఉంటే, మిషనంట మిషను!"

ఆమె ఇవ్వకపోతే ఊళ్లో చేతులకు కరువా? గ్యాస్ బండ తెచ్చినవాడు దాన్ని దించీ దించకముందే పట్టీ కట్టేశాడు. పెళ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చిన పెద్దాయన కుంకుమ పెట్టి చెయ్యి వెనక్కి తీసుకోబోతే పట్టుకుని కట్టేశాడు. కరెంటు రీడింగు తీసుకునేవాడు వస్తే వాడు వీళ్ల మీటరు చదివేవాడు, ఈయన వాడి మీటరు చదివేవాడు. కొన్నాళ్లకు ఆ వీధిలోకి ఎవరొచ్చినా పొడుగు చేతుల చొక్కా వేసుకుని గుండీలు పెట్టుకుని వచ్చేవారు.

ఇంకో సంగతి. వరదయ్యకు డాక్టరంటే చచ్చేంత భయం. ఒంటరిగా ఒక్కసారీ వెళ్లడు. ఎవరో ఒక బస్సు డ్రైవరును వెంటబెట్టుకుని పోవాల్సిందే. "నాకు భయమప్పా, తోడు రా" అని చెయ్యి పట్టుకుని బతిమాలుతుంటే, ఇంత మీసమున్న మనిషి ఇలా అడుగుతున్నాడేమిటని వాళ్లే సిగ్గుపడి వెళ్లేవారు.

"కట్టుకున్నదాన్ని నేనుండానే, నన్నెందుకు పిలవవు?" అని పంకజాక్షి మూతి ముడుచుకునేది.

"నువ్వొస్తే ఆ డాక్టరుతో పాటు నీకు గూడా భయపడల్ల. ఒకేసారి ఇద్దరికంటే నావల్ల కాదు."

నవ్వులాటగానే ఉండేది గానీ, పంకజాక్షి గుండెల్లో మాత్రం రైళ్లు పరిగెత్తేవి. బీపీ దిగడం లేదు. ఒక మాత్రతో మొదలై రెండయ్యాయి, మూడయ్యాయి. నాడి నెమ్మదించడానికని నాలుగోది కూడా వచ్చింది. అయినా మిషన్‌లో అంకెలు అక్కడే తిష్ఠ వేసుకుని కూర్చున్నాయి. ఆయన గడ్డం గీసుకుంటుంటే తలుపు చాటు నుంచి మెడ మీద నరం కొట్టుకోవడం చూసేది. స్నానానికి వెళ్లి చెంబు చప్పుడు కాసేపు ఆగితే చాలు, "ఏమయ్యా!" అని తలుపు బాదేది. "ఏమీ కాలేదుమే, సబ్బు జారిపోయింది" అని లోపల్నుంచి జవాబు వచ్చాక గానీ ఊపిరి పీల్చుకునేది కాదు.

ఉప్పు మానిపించింది. చారు చప్పగా, కూర చప్పగా, ఆఖరికి మాటలు కూడా చప్పబడ్డాయి. మామిడికాయ ఊరగాయ జాడీలు రెండూ బట్టల బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. ఆయన పట్టుపంచె తీసినప్పుడల్లా ఆవపిండి వాసన కొట్టేది. అంత ఊరగాయా పాడైపోతుందే అని, ఆయన అటు గడప దాటగానే ఇటు తను మాత్రం రెండు ముద్దలు కలుపుకుని నిలబడే తినేసేది. కాఫీ ఇంట్లో రోజుకు రెండే. మూడోది అడిగితే ఆమె చూసే చూపుకే ఆయన దాహం తీరిపోయేది.

ఆ శుక్రవారం డాక్టరు గిరిప్రసాద్ దగ్గరికి "ఈసారి తోడు నేనే" అని పట్టుబట్టి బయలుదేరింది. డాక్టరు రెండు చేతులకూ కట్టి చూశాడు, కాసేపాగి మళ్లీ చూశాడు. నూట ఎనభై రెండు. నాడి నూట పద్నాలుగు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"ఉప్పు తగ్గించారా అమ్మా?"

"తగ్గించడమా? ఇంట్లో ఉప్పు డబ్బా యాడుండాదో నాకే మర్చిపోయింది సార్."

"కాఫీ?"

"రెండే. నా చేత్తో నేనే కలుపుతా. ఆ ఏడుకొండలవాడి మీద ఒట్టు."

వరదయ్య పైన తిరుగుతున్న ఫ్యానును శ్రద్ధగా గమనించసాగాడు.

"నాలుగు మాత్రలకూ లొంగడం లేదంటే వదిలేయకూడదు" అన్నాడు డాక్టరు. "ఇంకో వారం చూద్దాం. దిగకపోతే తిరుపతిలో పెద్దాసుపత్రిలో చేర్చి, గుండె, కిడ్నీలు అన్నీ పరీక్ష చేయించాలి. ఇలాగే ఉంటే పక్షవాతం రావచ్చు. భయపెట్టడానికి చెప్పడం లేదమ్మా, జాగ్రత్తపడమని చెప్తున్నా."

పక్షవాతం అన్న మాట విన్నాక పంకజాక్షికి ఇంటికి ఎలా వచ్చిందో తెలియదు. దేవుడి పటం ముందు నిలబడి, "సామీ, ఆయన బీపీ దిగితే నీ కొండ మెట్లదారిన నడిచి ఎక్కుతా" అని మొక్కేసుకుంది. మోకాళ్లు ఒప్పుకుంటాయో లేదో వాటిని అడగలేదు. అడిగే పరిస్థితిలో లేదు పాపం.

వారంలో మూడు రోజులు గడిచాయి. అంకె కదల్లేదు. నాలుగో రోజు తొమ్మిదింటికి వరదయ్య మాత్రలు వేసుకుని, పాత కండక్టరు తోలుసంచి భుజానికి తగిలించుకుని వాకింగ్‌కు బయలుదేరాడు. వెళితే మళ్లీ ఒంటిగంటకే రావడం. నాలుగు గంటల వాకింగంటే ఈపాటికి మనిషి చీపురుపుల్ల కావాలి. ఈయనకేమో పొట్ట వస్తోంది! పంకజాక్షికి ఆ లెక్క అప్పుడు తట్టింది. కాళ్లకు చెప్పులు తగిలించుకుని, ఆటో ఎక్కి వెంటపడింది.

ఆయన నేరుగా బస్టాండుకు పోయాడు. కాఫీ అంగడి ముందు బెంచీ మీద తోలుసంచి దించి, అందులోంచి మిషన్ తీశాడు. పంకజాక్షి కొబ్బరిబోండాల కుప్ప వెనక నక్కి నిలబడింది.

తిరుపతి బస్సు దిగి ఒక డ్రైవరు అటుగా వచ్చాడు. "అప్పా, ఒక్క నిమిషం" అని వరదయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఈ మిషన్ మీద నాకు అనుమానంగా ఉండాది. నీ చెయ్యి ఇట్టియ్యి, సూద్దాం."

"టైమయిపోతాదన్నా."

"కట్టే ముందర అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవల్ల. కాఫీ తాగేలోపల అయిపోతాది. ఏయ్, రెండు కాఫీ!"

రెండు కాఫీలు వచ్చాయి. డ్రైవరు ఒకటి తాగాడు, తోడుగా వరదయ్య ఒకటి తాగాడు. "రైట్... రైట్... హోల్డాన్!" ఆ డ్రైవరు పోయి పలమనేరు బస్సు డ్రైవరు వచ్చాడు. మళ్లీ అనుమానం, మళ్లీ రెండు కాఫీలు. ఆ తర్వాత పుత్తూరు బస్సు డ్రైవరు. అతనికి ఆకలిగా ఉందంటే కాఫీతో పాటు మిరపకాయ బజ్జీలు. వాటికీ తోడు కావాలి కదా!

పంకజాక్షి వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టింది. పదకొండున్నరకల్లా ఏడు కాఫీలు, అయిదు బజ్జీలు. ఎనిమిదో గ్లాసు పెదాలకు ఆనించేసరికి కొబ్బరిబోండాలు రెండు దొర్లాయి, వాటి వెనకే ఆమె వచ్చింది.

"ఇదేనా నీ వాకింగు?"

వరదయ్య చేతిలో కాఫీ ఒలికింది. "పంకజా! నువ్వు యాడ నుంచి..."

"నేను చారులో ఉప్పురాయి వేసేదానికి భయపడి సస్తా ఉంటే, నువ్వీడ బజ్జీలు తింటా కూర్చున్నావా? కొండకు మొక్కుకున్నానే నేను! రేపు నీకేమన్నా అయితే నేనేమి కావల్ల? లెయ్, డాక్టరు కాడికి పద!"

బెంచీ చివర కూర్చున్న డ్రైవరు దేవరాజులు, వరదయ్యతో ఇరవై ఏళ్లు ఒకే బస్సులో పనిచేసినవాడు, గాభరాగా లేచి నిలబడ్డాడు. "వదినా, అన్నను ఏమీ అనొద్దు. నేనూ వస్తా పాండి."

డాక్టరు గిరిప్రసాద్ ఏడు కాఫీల కథ విని పెన్ను బల్ల మీద పడేశాడు. "వరదయ్యగారూ, నేను మాత్రలతో బ్రేకు వేస్తుంటే మీరు కాఫీలతో యాక్సిలరేటరు తొక్కుతున్నారా? పైన ఉప్పుబజ్జీలా? ఇంక ఆ నాడి ఎలా దిగుతుంది?"

వరదయ్య తల వంచుకున్నాడు. దేవరాజులు ముందుకొచ్చాడు.

"సార్, తప్పు మాది. వదినా, నాలుగు నెలల ముందర మిషన్ బాగుండాదేమో సూస్తానని నా చేతికి కట్టినాడు. రెండు వందలు దాటి ఉన్నిందంట. నాకు సెప్పలా. 'నాకు డాక్టరంటే భయం, తోడు రా' అని ఈడికి పిల్చుకోనొచ్చినాడు. తీరా వస్తే, ఈ కుర్చీలో నన్ను కూర్చోబెట్టినాడు. ఆ పొద్దు సాయంత్రం నేను అరవై మందిని ఎక్కించుకోని తిరుపతికి పోవల్సింది. దోవలో ఏమన్నా అయ్యుంటే?"

పంకజాక్షి కుర్చీ ముందుకు లాక్కుంది.

"అతనొక్కడే కాదమ్మా" అన్నాడు డాక్టరు. "మీవారు ఇంతవరకూ పదకొండు మంది డ్రైవర్లను తోడు తెచ్చుకున్నారు. పదకొండు మందికీ బీపీ ఉంది. ఇప్పుడందరూ మాత్రలు వాడుతున్నారు. మీకు తెలుసనుకున్నానే!"

"బీపీ సూస్తా అంటే ఏ డ్రైవరూ చెయ్యియ్యడు" అన్నాడు వరదయ్య నేల చూపులు చూస్తూ. "స్టీరింగ్ మీంచి దించేస్తారని వాళ్లకు బయం. మిషన్ రిపేరు, సాయం సెయ్యప్పా అంటే మాత్రం ఎవడైనా ఇస్తాడు. పిలిచి కూర్చోబెట్టినాక కాఫీ వాడికి మాత్రమే ఇప్పిచ్చి నేను ఊరికే ఉంటే బాగుంటాదా?"

"అంటే ఆ మిషన్..."

"మిషన్‌కేమి, బంగారంగా ఉండాది. మొదటి దినం నుంచీ సరిగ్గానే సూపిస్తాంది."

ఇన్నాళ్లూ పిరికివాడని తను అనుకున్న మనిషి వైపు పంకజాక్షి కళ్లప్పగించి చూసింది. ముద్దొచ్చాడు. ఆ మాట డాక్టరు ముందు ఎలా అంటుంది? "పదకొండు మందిని కాపాడినావు సరే, పన్నెండోవాడు నీకు యాడా కనపడలేదా?" అని కసిరి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

తిరుపతి ఆసుపత్రి సంగతి ఇంకో మూడు వారాలు ఆపి చూద్దామన్నాడు డాక్టరు. మరుసటి రోజు నుంచి బస్టాండుకు వరదయ్యతో పాటు పంకజాక్షి కూడా తయారైంది, పెద్ద ఫ్లాస్కులో ఉప్పు లేని రాగి అంబలి పోసుకుని. అంబలి చూసి మొదట్లో డ్రైవర్లు మొహాలు చిట్లించారు గానీ, ఆమె గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడితే తాగకుండా బస్సెక్కే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అయిదు నిమిషాల కూర్చోబెట్టడం ఆమె చేతుల్లో పది నిమిషాలయింది. కాఫీలు ఒకటొకటే తగ్గి రోజుకు ఒకటికి వచ్చాయి.

మూడు వారాలకు పైది నూట ముప్పై ఆరు, కిందిది ఎనభై నాలుగు, నాడి డెబ్బై ఎనిమిది. డాక్టరు ఆసుపత్రి మాట ఎత్తలేదు. పంకజాక్షి ఇంటికొచ్చి దేవుడి పటానికి దండం పెట్టి, ఆదివారం మెట్లదారిన కొండకు ప్రయాణం పెట్టేసుకుంది. సంచిలో బట్టలు సర్దుతుంటే వరదయ్య పక్కన వచ్చి కూర్చున్నాడు. చేతిలో మిషన్ ఉంది.

"పంకజా, నూట ముప్పై ఆరంటే నమ్మేటట్టు లేదు. దీని మీద నాకు అనుమానంగా ఉండాది."

ఆమె నవ్వేసి, ఇన్నాళ్లలో మొదటిసారి చెయ్యి చాపింది. "కట్టుకో. నీ కోరిక ఎందుకు కాదనల్ల?"

పట్టీ బిగిసింది. "రైట్... రైట్..." అన్నాడు వరదయ్య. అంకెలు ఆగాయి. హోల్డాన్ మాత్రం వినపడలేదు. ఆయన మిషన్‌ను మెల్లగా తన వైపుకు తిప్పుకుని, పట్టీ విప్పి చుట్టేశాడు.

"కొండకు వచ్చే నెల పోదాంలే. రేపు ఒకసారి డాక్టరు కాడికి పోయొస్తాను. ఒంటిగా పోవాలంటే నాకు బయంగా ఉండాది. తోడు రా."

పంకజాక్షి ఆయన మొహంలోకి చూసింది, మిషన్ వైపు చూసింది. పట్టేసిన మెడను వెనక నుంచి చేత్తో తడుముకుంది. తర్వాత కొంగు ముడి విప్పి, ఊరగాయ బీరువా తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"సరేలే. నువ్వు భయపడతావు గదా, తోడొస్తా."